జవాబు అక్కర్లేని పిలుపు

పొద్దుటి వంటల వేళ. గ్యాసు కంపెనీ కంట్రోల్ రూములో కంప్యూటర్ ముందు బావ. కాలనీ మొదట్లో, రోడ్డు కింది వాల్వు గుంటలో బావమరిది. ఇద్దరి మధ్యా ఫోను.

“తిరగట్లేదు బావా. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెంచీకి పైపు తొడిగి వేలాడుతున్నా, కదిలితే ఒట్టు.”

“ప్రెషరు ఎంతుంది?”

“గేజీ ముల్లు ఎప్పుడో చివరికెళ్లి కొట్టుకుంది. రెగ్యులేటరు పూర్తిగా పోయింది. ఇళ్లల్లో పొయ్యిల మీద మంటలు ఎంతెత్తున లేస్తున్నాయో ఏంటో! నువ్వు మీటర్ల దగ్గరే గ్యాసు మూసేస్తానన్నావుగా, ఏమైంది?”

“మూస్తున్నా. సగం కూడా కాలేదు.”

“కూర్చున్నచోటి నుంచి నొక్కితే అయిపోతుందన్నావు!”

“అవి బ్యాటరీ మీద బతికే మీటర్లురా. ఎప్పుడూ నిద్రే. మధ్యమధ్యలో కాస్త చెవి రిక్కిస్తాయి, పిలుపు వినబడితే లేస్తాయి. లేచి టవర్ని లైను అడగాలి, దొరికాక నా ఆర్డరు తీసుకోవాలి, మూసేసి ‘మూశాను’ అని చెప్పాలి. కాలనీ మొత్తం ఒక్కసారే లేచి లైను అడిగితే టవరు ఎవరికని ఇస్తుంది? సంతలా ఉందిక్కడ.”

“సరే, మీ ఇల్లూ ఈ కాలనీలోనేగా, అక్క ఫోనెత్తిందా?”

“వాల్వు చూడు నువ్వు.”

“బావా. ఎత్తిందా?”

“కట్ చేసింది.”

“మళ్లీ చేశావా?”

“మళ్లీ కట్ చేసింది. ‘పొయ్యి ఆపు, అందరికీ చెప్పు’ అని మెసేజీ పెట్టా. చూసినట్టు గుర్తు పడింది. జవాబు లేదు.”

“నేను చేసినా ఎత్తట్లేదు. అసలు మీకేమైంది?”

“ఏం కాలేదు.”

“ఏం కాకుండానే ఆదివారం నుంచి మాటల్లేవా?”

“వాల్వు చూడమన్నానా!”

“చూస్తూనే ఉన్నా. చేతులకే పని, చెవులు ఖాళీయే. చెప్పు.”

“ఏదో మాట్లాడుతూ ‘విన్నావా, విన్నావా’ అని నాలుగుసార్లు అడిగానట. ‘ప్రతిదానికీ జవాబు కావాలి నీకు, నేనేమన్నా నీ మీటర్నా?’ అంది. నేనూ ఓ మాట అన్నా.”

“ఏమన్నావు?”

“మీటరే నయం అన్నా.”

“అబ్బా బావా!”

“తెలుసు, తిట్టకు. అది పంతానికి పోయి మెసేజీ పక్కన పడేసి, ఆ పొయ్యి ముందే నిలబడిందేమోనని చస్తున్నానిక్కడ.”

“భయం తర్వాత. ఇంకో దారి లేదా?”

“ఒకటుంది.”

“ఉంటే నాన్చుతావేం?”

“ఆర్డరు పిలుపులోనే పెట్టేయొచ్చు. లేవక్కర్లేదు, లైను అడగక్కర్లేదు. పిలుపు చెవిన పడగానే మూసేస్తాయి.”

“మరి పెట్టు!”

“జవాబు రాదురా. మూసుకున్నానని ఒక్కటీ చెప్పదు. పైగా ఇప్పుడు నడుస్తున్నది ఆపితేగానీ అది పంపలేను. ఇక్కడ ఒక్కొక్కటే అయినా ‘మూశాను, మూశాను’ అని కళ్లకి కనిపిస్తున్నాయి...”

“మీ ఇల్లు కనిపించిందా వాటిల్లో?”

“...లేదు.”

“మరింకా దేనికి చూస్తున్నావు?”

“అవి వినకపోతే? అంతా అయిపోయిందనుకుని నేను చేతులు ముడుచుకుని కూర్చుంటే—”

“బావా! ఇక్కడ పైపు ఈల వేస్తోంది. పంపుతావా, పంపవా?”

“ఉండు... ఆపేశా... పంపా.”

“వెళ్లిందా?”

“వెళ్లింది. అంతే. స్క్రీను ఖాళీ.”

“ఏం రాలేదా?”

“రాదని చెప్పానుగా.”

“చూడు, ఒక్కటన్నా—”

“రాదురా! నన్ను చంపకు. మళ్లీ పంపుతున్నా, ఇందాక వినని వాటికి ఇప్పుడు వినబడుతుందేమో.”

“నేను గుంటలోంచి వచ్చేస్తున్నా. అక్క దగ్గరికి పరిగెడతా.”

“వద్దు. కాలనీ అంతటికీ ఆ వాల్వొక్కటే దిక్కు. వదలకు.”

“మరి అక్క?”

“వదలకన్నానా!”

“నా మీద అరుస్తావేంటి, నాకు మాత్రం... ఉండు. కదిలింది. బావా, వేలెడు కదిలింది!”

“ఉండుండు. రెండో ఫోను మోగుతోంది.”

“ఎవరు?”

“మీ అక్క.”

“ఎత్తు! నాకూ వినబడేలా పెట్టు!”

“హలో! హలో, విన్... ఎక్కడున్నావు?”

“పై అంతస్తులో. ఇక్కడుండే తాతగారికి చెవులు వినబడవు, తలుపు తీయట్లేదు. కిటికీలోంచి చూస్తే మంట ఇంతెత్తున ఉంది, గిన్నె నల్లగా మాడిపోయింది. అద్దం పగలగొడదామని రాయి ఎత్తేసరికి పొయ్యి దానంతటదే ఆరిపోయింది. నువ్వేనా?”

“నేనే. ఆరిందా? నిజంగా ఆరిందా?”

“చెప్తున్నాగా. కింద అందరూ మా గ్యాసు ఆగిపోయిందని మెట్ల మీదకొచ్చి నిలబడ్డారు.”

“అక్కా, నేను. నువ్వక్కడేం చేస్తున్నావు?”

“తలుపులు బాదుతున్నాను, ఇంకేం చేస్తాను! కింది నుంచి ఇక్కడిదాకా. చేతులు వాచిపోయాయి.”

“మరి నా ఫోను కట్ చేశావేం? మెసేజీ చూసి కూడా ఒక్క ముక్క రాయలేదేం? ఇక్కడ నా ప్రాణం—”

“నువ్వు చెప్పావు, నేను విన్నాను. నీకు జవాబు రాస్తూ కూర్చుంటే ఈ తలుపులన్నీ ఎవరు కొడతారు?”