తిరగేసిన దిండు

అలా గుడ్లప్పగించి చూస్తావేంటమ్మా? నేనే! పదకొండేళ్ళు నా ఇంట్లో పనిచేసినదానివి, నన్నే గుర్తుపట్టవా? సర్లే, లోపలికి రమ్మనకపోతే పోనీ. ఈ మెట్టు మీదే కూర్చుంటా. నాలుగంతస్తులు ఎక్కొచ్చాను, కాస్త ఆయాసం తీరనీ.

ఆ సోఫా మరక గురించే వచ్చా. పోవడం లేదు తల్లీ! దూదితో అద్దాను, అంచు నుంచి మధ్యకి, నువ్వు నేర్పినట్టే. ముందుగా వెనకవైపు కనపడనిచోట గోళ్ళరంగు తీసే రిమూవర్ ఓ చుక్క వేసి చూశాను కూడా. ఏం లాభం? రుద్దకూడనిదాన్ని అప్పటికే రుద్దేసింది మహాతల్లి! రిమూవర్ సీసాడూ కుమ్మరించి, పాత తువ్వాలు పెట్టి ఎడాపెడా తోమింది. గుండీ అంత మరక కాస్తా అరచెయ్యంత అయి కూర్చుంది. గోళ్ళరంగు ఎరుపూ పోలేదు, సోఫా నీలమూ దిగిపోయింది.

ఎవరా? ఇంకెవరు, మా చెల్లెలు!

నిన్న స్నానానికని వెళ్ళి, సబ్బు మర్చిపోయి వెనక్కొచ్చాను. అది గదిలో ఫోన్లో పకపకా నవ్వుతోంది. "మా అక్క ఓ వెర్రిబాగులది, చెప్పగానే నమ్మేసి పనావిడ మీద పడింది, నేను బతికిపోయా" అంటోంది స్నేహితురాలితో. సబ్బు లేకుండానే వెనక్కెళ్ళి, కుళాయి తిప్పేసి కుళ్ళి కుళ్ళి ఏడ్చాననుకో.

అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్ళు. జడలేసింది నేను. జ్వరమొస్తే మంచం పక్కన కూర్చుంది నేను. వచ్చిన సంబంధాలన్నీ దాని చదువయ్యాక చూద్దాం, ఉద్యోగం వచ్చాక చూద్దాం అని తోసేసీ తోసేసీ, ఇదిగో, ఇలా మిగిలాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే కాదూ?

"నా గోళ్ళరంగు సీసా తీసి వేసుకుంది, సోఫా మీద ఒలకబోసింది, తుడవడం చేతకాక దిండు తిరగేసి పోయింది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పింది నీ గురించి! నేను నిన్ను గుమ్మంలోనే ఆపేశాను. "నేను కాదక్కా" అన్నావు. ఒక్కసారే అన్నావు. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. ఇంకోసారి అనొచ్చుగా? పోట్లాడొచ్చుగా!

ఏంటి? దాన్ని అడిగానా అనా?

లేదు. ఇవాళ పొద్దున కూడా దానికి కాఫీ కలిపిచ్చే వచ్చాను.

అలా చూడకు. చెప్తా. చెబుదామనే వచ్చాను. మరకదేముంది, మీద ఓ గుడ్డ పరిస్తే సరి.

ఆ రోజు దిండు చూసినప్పుడే నాకు తెలుసు. జిప్పు ముందుకుంది. పదకొండేళ్ళలో నువ్వు ఒక్కనాడైనా జిప్పు ముందుకు పెట్టావా? గోడవైపు తిప్పి, అరచేత్తో రెండు తట్టి గానీ వదలవు కదా. పైగా ఆ రుద్దుడు! మరక ఎలా తియ్యాలో నాకు నేర్పినదానివి, నువ్వు అలా రుద్దుతావా? నీ గోళ్ళు కూడా చూశాను. సబ్బుకీ సోడాకీ అరిగిపోయిన గోళ్ళు. వాటికి రంగేంటి, నా మొహం!

అన్నీ చూసే, "రేపట్నుంచి రావద్దు" అన్నాను.

మరి నిన్న అంత కుళ్ళి కుళ్ళి ఏడవడం దేనికంటావా? తెలిసీ ఊరుకున్నాను, అది వేరు. దానికోసం అంత పాపం మూటగట్టుకుంటే, అది నన్ను వెర్రిబాగులదాన్ని చేసి నవ్వుకుంటోంది. అదీ నా బాధ.

దాన్ని నిలదీస్తే పెట్టె సర్దుకుని పోతుంది. ఆ ఇంట్లో నేనొక్కదాన్నీ ఉండలేను. నీకేం, ఇంకో ఇల్లు దొరుకుతుందిలే అనుకున్నా. అవును, అలాగే అనుకున్నా.

నన్ను అక్కా అని పిలిచేవాళ్ళు ఇద్దరే. ఒకత్తె మోసం చేసిందని ఏడుస్తూ రెండోదాని గుమ్మం ఎక్కాను, సిగ్గు లేకుండా.

వేసేయ్, తలుపు వేసేయ్. నీ చోట నేనుంటే ఎప్పుడో వేసేసేదాన్ని.