దొంగల కోసం గీసిన దీవి

పటాల అచ్చుశాల వెనక గది. ముందు గదిలో రేవు అధికారి కూర్చున్నాడు. తలుపు దగ్గరగా వేసి అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుంటున్నారు.

"నెమ్మదిగా మాట్లాడరా, ఆయనకి వినబడుతుంది."

"ఇంకేం నెమ్మది అక్కా! లేని దీవి నుంచి మనిషి రావడమేంటి?"

"వచ్చాడు కదా ఓ ముసలాయన. రేవులో పట్టుకుని ఏ దేశం నీది అంటే, గోడమీద మన పటం చూపించి, ఇదిగో ఈ దీవి అన్నాడట."

"అది దొంగల కోసం గీసింది! మన పటం ఎవడైనా కాపీ కొడితే దొరికిపోవాలని. నాన్న కూడా లేని చెరువొకటి గీసేవాడు..."

"నాన్న చెరువు గీసి ఊరుకున్నాడు. నువ్వు ఈ దీవికి ఓ తెల్లదొరని తగిలించి, చరిత్ర రాసి పటం కింద అచ్చేశావు."

"జాగా మిగిలింది కదాని, సరదాకి..."

"నీ సరదా చిలికి చిలికి గాలివానయింది."

"వెళ్లి ఉన్నమాట చెప్పేస్తాను."

"చెప్తావా? పొద్దున రేవుకి పటాలివ్వడానికి వెళ్లి చూశాన్రా ఆ ముసలాయన్ని. వీపంతా కొరడా వాతలే. సొంత దేశం పేరు ఊరికే దాస్తాడా? వెనక్కి పంపితే చంపేస్తారు."

"అబద్ధమాడితే మన అచ్చుశాలకి తాళం పడుతుందక్కా."

"పడనీ. ఏదో ఒక దేశం వాడైతే, పాపం, బతికిపోతాడు."

"ఏమ్మా, అయ్యాయా మీ మంతనాలు?"

"ఆఁ... రండయ్యా, లోపలికి రండి."

"ఒక్క ముక్క చెప్పండి, పోతాను. ఈ దీవి ఉందా, లేదా?"

"అది... సార్..."

"చెప్పరా తమ్ముడూ."

"ఉంది సార్."

"సరే. ఆ తెల్లదొర దీవిలో మొదటిసారి దిగినప్పుడు ఏమైంది?"

"'అన్నం తిన్నారా' అని అడిగారు సార్ అక్కడివాళ్లు. ఆయన దాన్ని లొంగిపోవడం అనుకుని జెండా పాతేశాడు."

"ముసలాయన కూడా అదే అన్నాడు! తర్వాత?"

"చెట్టునీడ మీద పన్నేశాడు. జనం ఎండలో నిలబడ్డారు. ఎండ మీదా వేశాడు. దాంతో అందరూ పగలు పడుకుని రాత్రుళ్లు పనిచేశారు. దీపాల ఖర్చు దొర నెత్తిన పడింది."

"రైలు సంగతి?"

"దీవి చుట్టూ వేశాడు సార్. దీవి చిన్నది, రైలు పొడుగుది. ఇంజను పోయి దాని చివరి పెట్టెకే తగిలింది. ఇక కదల్లేదు."

"టికెట్లు?"

"అవి మాత్రం అమ్మారు. ఎక్కినవాళ్లు పెట్టెల్లోంచి నడుచుకుంటూ ఊరు చేరేవాళ్లు."

"హహ్హ! మరి స్వాతంత్ర్యం?"

"పోరాడలేదు సార్. వారం వారం దొరకి వీడ్కోలు సభ పెట్టారు. దండలు, ప్రసంగాలు, కన్నీళ్లు. ఇంకా ఉండటానికి మొహం చెల్లక ఓ రోజు ఓడెక్కేశాడు."

"పొల్లు పోలేదయ్యా! ఇది చెబుతూనే నవ్వాడమ్మా ఆ ముసలాయన. వచ్చాక నవ్వడం అదే మొదలు."

"అయితే వదిలేస్తారా అయ్యా?"

"దేశం లేనివాడైతే ఇక్కడే ఏదో మూల ఉండనిచ్చేవాళ్లం తల్లీ. ఎక్కడికని పంపుతాం? దేశం ఉన్నవాణ్ణి ఉంచుకోకూడదు. సొంతూరికి పంపేస్తాం."

"ఎక్కడికి?"

"అదేంటమ్మా, ఆయన దీవికే."

"సార్, సార్! అది లేదు సార్! అబద్ధం! నేనే రాశాను!"

"ఆయనా ఇప్పుడు అదే పాట. పడవ మాట ఎత్తగానే, అదంతా కథ బాబూ అని కాళ్లు పట్టుకున్నాడు."

"నిజమే చెప్పాడయ్యా! మావాడి మాట కూడా..."

"పటం కింద అదే ఉంది, ఆయన చెప్పిందీ అదే, మీవాడు చెప్పిందీ అదే. మూడు సాక్ష్యాలు. ఇక లేదంటే ఎవరమ్మా నమ్మేది?"

"సార్, అక్కడంతా నీళ్లే సార్..."

"దీవి అన్నాక చుట్టూ నీళ్లుండవూ? ఇదిగో కలం. పడవవాడు బయట కాచుకున్నాడు, ఆయన్ని సరిగ్గా ఎక్కడ దింపాలో పటం మీద గుర్తు పెట్టండి."