సగం పిలుపు

కిక్కిస గడ్డి పొదలు దాటాక, నీళ్ళ మధ్య దిబ్బ మీద ఒంటరిగా నిలబడ్డ చింతచెట్టు ఉంది చూశారూ, దాని కాయలు రాలి నీళ్ళలో కుళ్ళిపోతాయి గానీ మనూళ్ళో ఏ ఇల్లాలూ ఆ చింతపండుతో పులుసు పెట్టదు. పొద్దు వాలాక అటు దోనె తిప్పిన మగాడు లేడు. ఏమయ్యా, ఆ చివర కూర్చుని మీసం దువ్వుకుంటున్నావు, నువ్వెళ్ళావా? వెళ్ళలేదు కదా. మరి దువ్వకు.

ఆ చెట్టు మీదున్నది మనకు తెలిసినవాళ్ళ గొంతు పెట్టుకుని పిలుస్తుందంట. ఎంత గింజుకున్నా రెండుసార్లకు మించి పిలవలేదంట. మూడోసారి పిలుపు వినపడిందంటే అది మనిషే, పరుగెత్తాల్సిందే. అందుకని మన కొల్లేట్లో ఎవరు కేకేసినా మూడోది వినేదాకా పలకరు. ఇది మన తాతల నాటి పద్ధతి.

ఇప్పుడు బలరామం సంగతి. పేరుకు తగ్గ ఛాతీ ఉండేది ఆయనకి. దెయ్యాలు తనను చూసి దారి తప్పుకుంటాయని చెప్పుకునేవాడు, ఆ చెప్పడమేదో పట్టపగలు, పదిమందిలో చెప్పేవాడనుకోండి. ఫాల్గుణ మాసం వచ్చింది, చలి వెనకపట్టింది, కొల్లేరు పలచబడి వాలుగ చేపలన్నీ చింతచెట్టు కింద మడుగులోకి చేరాయి. సరిగ్గా అప్పుడే ఆయన బావమరిది నాంచారయ్య తిరునాళ్ళకని వచ్చాడు. తమ్ముడికి వాలుగ పులుసు పెట్టాలని బలరామం పెళ్ళాం తిరపతమ్మకు మనసు పుట్టింది, మొగుణ్ణి పురమాయించింది. బావా బావమరుదులు చెరో తాటి దోనె వేసుకుని సాయంత్రానికి బయల్దేరారు.

పొదల దాకా వచ్చేసరికి బలరామం గడ వేయడం నెమ్మదించింది. నాంచారయ్య వెనక్కి తిరిగి, "ఏం బావా, చెట్టు నీడ పడదా నీకు?" అన్నాడు.

"పోరా, రెండు దోనెలు ఒక్కచోట ఉంటే చేప బెదురుతుంది. నువ్వు అటు చూడు, నేనిటు చూస్తా."

"చూడు చూడు. కళ్ళు మాత్రం మూసుకోకు."

అలా నవ్వుకుంటూనే నాంచారయ్య పొదలు చుట్టి చెట్టు కిందకి పోయాడు, బలరామం ఇవతలే ఉండిపోయి కప్పను గుచ్చిన గాలం నీళ్ళలోకి వదిలాడు. పొద్దు కుంకింది. నీళ్ళు ముందు ఎర్రగా, తరవాత బూడిద రంగుకి తిరిగాయి. కొంగలు కూడా సర్దుకున్నాయి. అప్పుడు దబ్బున ఏదో నీళ్ళలో పడ్డ చప్పుడయింది, ఆ వెంటనే పిలుపు.

"బావా!"

బలరామానికి వీపు మీద చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. గొంతు నాంచారయ్యదే. కానీ చెట్టు మీదదాని తీరే అంత కదా? ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మళ్ళీ "బావా!" అని వినపడింది. ఇంక మూడోది రాకూడదని ఆయన మొక్కని దేవుడు లేడు. వస్తే వెళ్ళాలి మరి. తానేనాడూ దేనికీ భయపడలేదని ఊరంతా అనుకుంటోంది కదా!

వచ్చింది మూడోది. "బా..." అని, అంతే. మిగతాది నీళ్ళు మింగేశాయి.

మీరే చెప్పండి, సగం పిలుపు లెక్కలోకి వస్తుందా? బలరామం ఆ దోనెలో కూర్చుని ఇదే ఆలోచించాడు. రాదని తేల్చుకున్నాడు. తేల్చుకున్నాడు గానీ, వస్తుందని ఆయనకు తెలుసు. తెలిసే గాలం అక్కడే వదిలేసి ఒడ్డు వైపు గడ వేశాడు. అంత వేగంగా ఆయన జన్మలో ఎప్పుడూ దోనె నడపలేదంట.

ఒడ్డున జనం మూగారు. చెట్టు మీదది నాంచారయ్య గొంతుతో పిలిచిందని బలరామం చెప్పాడు. తిరపతమ్మ మొగుడి మొహంలోకి చూసి, "ఎన్నిసార్లు?" అంది.

"రెండే."

"మూడోది వినపడలేదా?"

"లేదన్నానుగా."

మగాళ్ళు దివిటీలు వెలిగించుకుంటూ ఉండగానే కిక్కిసలోంచి మెడదాకా బురదతో నాంచారయ్య వచ్చాడు. గాలం తాడు మణికట్టుకి చుట్టుకున్నాడంట, పెద్ద వాలుగ పడి లాగితే దోనె బోర్లా పడింది, చెట్టు వేళ్ళు దొరకబట్టి బతికాడు. ఆ చేప ఇంకా చేతికే వేలాడుతోంది. ఓరి నాయనా, కేకైనా వెయ్యలేదా అని అందరూ అడిగారు. నాంచారయ్య బావ వైపు చూశాడు. ఎంతసేపో చూడలేదు. "నీళ్ళు మింగాను, గొంతు పెగల్లేదు. నేనెవర్నీ పిలవలేదు," అన్నాడు.

ఆ రాత్రి తిరపతమ్మ అదే వాలుగ పులుసు పెట్టింది. నాంచారయ్య కట్టు కట్టిన చేత్తో తలకాయ ముక్క తీసి బావ కంచంలో వేసి, "తిను బావా," అన్నాడు. తిట్టినా బాగుండేది. బలరామం తల ఎత్తకుండా కంచంలో మెతుకులు కెలికాడు, చెవులు మాత్రం భగభగ మండాయి.

మూడు రోజులు అలాగే తిరిగి, ఇంక ఆగలేక, చెరువుగట్టు మీద నలుగురినీ పిలిచి చెప్పేశాడు. నాంచారయ్యే పిలిచాడు, మూడోసారి కూడా పిలిచాడు, నేను విని కూడా పారిపోయి వచ్చాను అని. జనం ఏమన్నారనుకున్నారు? ఛీ అన్నారా? ఉమ్మేశారా? అలా చేసినా ఆయన ప్రాణం కుదుటపడేది. "నాంచారయ్య పిలవలేదని తనే చెప్పాడు. మరి మూడుసార్లు పిలిచిందెవరు? అమ్మో, అది మూడోది కూడా నేర్చేసుకుంది!" అని గుండెలు బాదుకున్నారు. పైగా అది బలరామాన్ని పట్టిందన్నారు. భూతవైద్యుణ్ణి తెచ్చి, నడివీధిలో కూర్చోబెట్టి వేపమండలతో బాదించారు. ఎవరు నువ్వని వైద్యుడు గద్దిస్తే, "నేను బలరామాన్నే, నన్ను నమ్మండి, పిరికివాణ్ణి నేను!" అని ఏడ్చాడు. మొండిఘటం, మనిషి పేరు చెప్పుకుంటోందని వైద్యుడు ఇంకో నాలుగు వడ్డించాడు.

చివరికి నాంచారయ్యే చూడలేక వైద్యుడి చెయ్యి పట్టుకుని, "చాలయ్యా, దిగిపోయింది," అన్నాడు. అని బావ పక్కన చతికిలబడి, చెవిలో, "అవునను బావా, ఒళ్ళు చీరుకుపోతోంది," అన్నాడు.

బలరామం అవునన్నాడు. అంతమందిలో, తల దించుకుని, దిగిపోయిందన్నాడు. నిజం చెప్పడానికి వచ్చిన ధైర్యం ఆ వేపమండల కిందే అయిపోయింది. ఆ తరవాత ఎన్నాళ్ళు బతికినా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఎవరి కళ్ళలోకీ సూటిగా చూడలేదు, దెయ్యాలు తప్పుకుంటాయని చెప్పుకోనూ లేదు.

ఆ చెట్టు మీద ఏముందంటారా? నన్నడిగితే నాలుగు కాకిగూళ్ళున్నాయి. అయినా సరే, పొద్దు వాలాక అటు పోకండి. పోయి నీళ్ళలో పడ్డారనుకోండి, మూడుసార్లు కాదు, ముప్పైసార్లు పిలవండి. మేమందరం ఇక్కడే కూర్చుని, ఒక్కటి పొల్లుపోకుండా వింటాం.