రెండో డ్రమ్ములో లీకు

కరెంటుని తిట్టారు, మోటార్ని తిట్టారు, ఆఖరికి నర్సీపట్నం మంచుని కూడా తిట్టారు గానీ, ఇంట్లో ఉన్న మనిషిని ఒక్కరైనా ఒక్క మాట అడిగారా సార్? మీరూ అడగలేదు, మా అమ్మాయీ అడగలేదు. అంతంత చదువులు చదివారు, ఏటి లాభం?

అబ్బే, కోప్పడకండి మన్మథరావు సార్. మీరు మా ఎస్తర్ రాణికి గైడు. యూనివర్సిటీలో అంత పెద్ద ప్రొఫెసరు. కృష్ణదేవిపేటలో మీ మేనకోడలి పెళ్ళికి వెళ్తూ, దారిలో దాని థీసిస్ మీద సంతకం పెట్టీసి పోదామని మా గుమ్మం ఎక్కారు. మా భాగ్యం. కానీ ఆ పెన్ను మాత్రం జేబులో పెట్టీయండి. ముందు పెట్టీయండి. ఆఁ, అదీ.

నవ్వొస్తోంది సార్, ఏమనుకోకండి. నాలుగు రోజుల్నించీ ఇంతే, పొద్దున్న చర్చిలో కూడా. మా ఆవిడ కరుణకుమారి, ‘ఏటండీ మీకు? ప్రార్థనలో పళ్ళికిలిస్తారేటి? పాస్టర్ గారు రెండుసార్లు సూశారు’ అని చర్చి మెట్ల మీదే తగులుకుంది. చెప్పలేక పొట్ట ఉబ్బిపోతోంది నాకు.

అమ్మాయి జెరాక్స్ షాపుకి వెళ్ళింది. ఆదివారం కదా, షాపువాణ్ణి ఇంటి దగ్గర పట్టుకుని తాళం తీయించాలి. పావుగంట పడతాది. అది వచ్చిందంటే నాకు నోరు పెగలదు. అంచేత బేగి చెప్పీస్తాను.

అంతా మీకు తెలిసిందే. అయినా ఎలిమెంటరీ స్కూలు మాస్టార్ని, మొదటి నుంచి చెప్పకపోతే నాకు తోచదు. పెరట్లో మూడు నీలం డ్రమ్ములు చూశారు కదా? కింద తొట్టిలో నీళ్ళు మోటారు తోడి మొదటి డ్రమ్ములో పోస్తాది. అక్కణ్ణుంచి రెండో దాన్లోకి, రెండో దాన్నుంచి మూడో దాన్లోకి, మళ్ళీ తొట్టిలోకి. కరెంటు తగ్గనీ, పెరగనీ, పైపులో నాచు పట్టనీ, మూడో డ్రమ్ములో నీటిమట్టం మాత్రం పెట్టినచోటే నిలబడాలి. అలా మోటార్ని కంప్యూటరు చేత ఆడించడం సగం చదువు. ఎక్కడైనా లీకైనా, నీటిమట్టం కొలిచే సెన్సారు చెడినా ఫలానా చోట ఫలానా తప్పు అని పట్టుకోవడం మిగతా సగం. అంతేనా? తప్పయితే దిద్దండి.

‘యూనివర్సిటీ ల్యాబులోనే పెట్టుకోవచ్చు కదే, పెరడంతా పైపులే’ అన్నాను మొదట్లో. ఏమందో తెలుసా? ‘అక్కడ కరెంటు బుద్ధిగా ఉంటాది డాడీ. మనూరి కరెంటు ముందు నిలబడితేనే నా లెక్క నిలబడినట్టు’ అంది. అలాంటి పిల్ల సార్ అది!

నేను రోజూ నాతవరం అవతల మా స్కూలుకి సూరన్న సర్వీసాటోలో పోతాను. ముగ్గురెక్కినా అదే బండి, పదముగ్గురెక్కి పైన బస్తాలూ కింద కోళ్ళగంపా పెట్టినా అదే బండి. గోతుల రోడ్డు. ఎటు లాగినా బోల్తా పడనివ్వడు. అదీ మీ మొదటి సగం. మరి రెండో సగం? జనం ఎక్కువైతే బండి ఈడుస్తాది. బరువుకి ఈడుస్తోందా, టైరులో గాలి పోయి ఈడుస్తోందా? సూరన్న కాస్త తల వంచి వింటాడు. ‘దిగండి మాస్టారూ, పంచరు’ అంటాడు. దిగి చూస్తే పంచరే!

ఈ సంగతి చెప్తే మా అమ్మాయి ఎగిరి గంతేసింది. ‘అదే డాడీ! బరువుకి బండి ఎంతవరకూ ఈడవచ్చో సూరన్న బాబాయికి ఒక అంచనా ఉంది. అంతకు మించితేనే పంచరు. కంప్యూటరుకి నేను నేర్పుతున్నది అదే’ అంది. నీరు ఎంత ఉండాలో లెక్క ఒక పక్క, ఎంత ఉందో సెన్సారు ఒక పక్క. రెంటికీ తేడా ఎంతవరకూ ఓర్చుకోవాలో ఒక ఎర్ర గీత గీసింది. తేడా ఆ గీత దాటితే తప్పు జరిగినట్టు.

బాగానే ఉంది. నవంబరు దాకా బాగానే ఉంది. ఆ తర్వాత మొదలైంది మాయరోగం. రోజూ సాయంత్రం ఐదూ యాభైకి తేడా గీత దాటడం, ‘రెండో డ్రమ్ములో లీకు’ అని కంప్యూటరు రాసి పెట్టడం. ఐదింటికి స్విచ్చి వేసేది నేనే సార్, నేను లేకపోతే మా ఆవిడ. నా పని అంతవరకే. అది కాలేజీలో పాఠాలు చెప్పి ఏడింటికి బస్సు దిగి, చెప్పులైనా విప్పకుండా స్క్రీను చూసి నెత్తి పట్టుకునేది. డ్రమ్ము బోర్లించింది. చుట్టూ ముగ్గుపిండి చల్లి తెల్లారి చూసింది. ఒక్క చోటైనా తడి ఉంటే కదా!

మీరేమో దాని గ్రాఫు మీద ‘తప్పుడు హెచ్చరిక’ అని రాసి పంపారు. గీత పైకి జరపమన్నారు. ‘పైకి జరిపితే నిజం లీకు కూడా కనబడదు డాడీ, నా లెక్క తప్పు కాదు’ అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేనేం చేశాను? పక్కన కూర్చుని, ‘సైన్సులో ఓర్పుండాలమ్మా’ అని పాఠం చెప్పాను. ఎవరు? నేను!

ఆ టీ కప్పు కింద పెట్టండి సార్, ఒలుకుతాది. రెండో డ్రమ్ము పక్కన మీరొక పందిరి చూశారా? అది నా ఆనప పాదు.

హహ్హ! చూశారా, మీ కనుబొమ్మలు లేచాయి! మీరు ఊరికే ప్రొఫెసరయ్యారా!

మా చర్చిలో కోత పండుగ అని చేస్తాం. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. పదకొండేళ్ళ నుంచి తోమా గారి గుమ్మడికాయదే పేరు. పాస్టర్ గారు దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని అందరికీ చూపిస్తారు. నావి ఎప్పుడూ నాలుగు వంకాయలు, ఎవరూ ఎత్తుకోరు. ఈ ఏడు ఒక్క ఆనపకాయతో తోమా గారి నోరు మూయించాలని పంతం పట్టాను. కొళాయి చూస్తే రెండు రోజులకోసారి. మా ఆవిడ, ‘పాదుకి సుక్క పోశారంటే ఊరుకోను’ అని వార్నింగిచ్చింది. నూతిలో తోడదామంటే మోకాళ్ళు సహకరించవు. పక్కనే డ్రమ్ములో నీళ్ళు, పనీపాటా లేకుండా గుండ్రంగా తిరుగుతున్నాయి. స్కూలు నుంచి వచ్చి, టీ తాగి, ఐదూ యాభైకి ఒక్క బకెట్టు. ఒకే ఒక్క బకెట్టు. అన్ని నీళ్ళల్లో ఎవడికి తెలుస్తాది? తగ్గిన నీళ్ళు ఎండకి ఆవిరైపోయాయనుకుని మా ఆవిడే నింపేది. కూతురి చదువుకైతే కొళాయి నీళ్ళు పోస్తాది లెండి.

ఒట్టు సార్, నాకు తట్టలేదు! అది యంత్రాల తప్పులు పట్టే లెక్క అనుకున్నాను గానీ మనుషుల తప్పులు కూడా పడతాదని ఎలా అనుకుంటాను?

మూడు వారాల కిందట అది తేదీలన్నీ కాగితం మీద రాసుకొచ్చింది. ‘డాడీ, ఆదివారాలు లీకు లేదు. డిసెంబరులో వరసగా ఐదు రోజులు లేదు. ఆదివారం మిల్లులుండవు, ఓల్టేజీ బాగుంటాది, అందుకేటి?’ అంది. ఆదివారం సాయంత్రం నేను చర్చిలో ఉంటాను సార్. ఆ ఐదు రోజులూ టీచర్ల ట్రైనింగని విశాఖపట్నంలో ఉన్నాను. మా స్కూలు హాజరు పట్టీ తెప్పించుకుని దాని కాగితం పక్కన పెట్టండి. ఈ క్రిస్టఫర్ మాస్టారు సాయంత్రం ఇంట్లో లేని రోజున లీకు లేదు!

దొరికిపోయాననుకున్నాను. ఆ మర్నాడే బకెట్టు మానీశాను. సరిగ్గా ఆ రోజే మీరు ఫోన్లో గట్టిగా చెప్పారని అది గీత పైకి జరిపీసింది. చూశారా తమాషా? రెండూ ఒకే రోజు. కంప్యూటరు కిక్కురుమనలేదు. మీరు ‘నేను చెప్పలేదా’ అన్నారు. అది తల వంచుకుని టైపు చేసుకుంది. మా ఆవిడ పాయసం వండితే నేను రెండుసార్లు వేయించుకుని తిన్నాను. అంత సిగ్గులేనివాణ్ణి.

మా నాలుగో తరగతి పిల్లలకి ఒక కథ చెప్తాను. ఒకాయన జీడితోటలో కావలి కుక్క రోజూ ఒకే వేళకి మొరిగేది. లాంతరు పట్టుకుని చూస్తే బావమరిది తప్ప ఎవరూ ఉండరు. కుక్కకి పిచ్చెక్కిందని దాని మూతికి తాడు కట్టించాడు. ఆ ఏడు హాయిగా నిద్రపోయాడు, జీడిపిక్కలు మాత్రం ఇంటికి రాలేదు. కథ అయ్యాక ‘తప్పెవరిదర్రా?’ అని అడుగుతాను. మొన్న ఒక పిల్ల, ‘అంతా తెలిసి కూడా లాంతరు ముందు నిలబడి నోరు మెదపని బావమరిదిది’ అంది. ఆ రోజు అన్నం సయించలేదు నాకు.

గురువారం పరీక్ష పెట్టాను. మీరు జరిపించిన గీతతో, మళ్ళీ ఐదూ యాభైకి, ఒక బకెట్టు తీశాను. కంప్యూటరు పలకలేదు. రెండు తీశాను, పలకలేదు. మూడోది కూడా తీసి, ‘ఒసే, నేనే, పట్టుకోవే!’ అని స్క్రీను ముందుకెళ్ళి నిలబడ్డాను. ఉహుఁ!

అప్పుడు మొదలైంది సార్ ఈ నవ్వు. పాత గీతతో ఒక్క బకెట్టుకి పట్టుకుంది! ఊరి కరెంటు అన్ని వేషాలు వేస్తుంటే, మోటారు అలా గింజుకుంటుంటే, వాటన్నిటి మధ్యన నన్ను, నా ఒక్క బకెట్టుని, నిమిషంతో సహా పట్టుకుంది! ఏ డ్రమ్మో కూడా చెప్పింది! ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఇంత గొప్ప పేపరు దిద్దలేదు నేను.

తెలుసు, తెలుసు. మీరిప్పుడు సంతకం ఆపితే వచ్చే నెల కాలేజీలో పర్మినెంటు పోస్టు ఇంటర్వ్యూకి థీసిస్ ఇచ్చినట్టు దాని చేతిలో కాగితం ఉండదు. ఆ పోస్టు కోసం నాలుగేళ్ళు ఎదురుచూసింది. మళ్ళీ గ్రాఫులు, మళ్ళీ టైపు. నా ఆనపకాయకి ఇంత ఖరీదు. పాదేమో నీళ్ళు మానేశాక వడలిపోయింది, మొన్న పండుగలో మళ్ళీ గుమ్మడికాయనే ఎత్తుకున్నారు. అది పోతే పోయింది. మీరు సంతకం పెట్టీస్తే మా పిల్ల తన లెక్క తప్పని జన్మంతా నమ్ముతాది సార్. అది నేను చూడలేను.

నన్ను థీసిస్ లో వేయించండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఒక బకెట్టు చొప్పున. సాక్షి సంతకం కావాలంటే నేను పెడతాను.

గేటు చప్పుడైంది... వచ్చీసింది. లేవకండి సార్, మీరు పక్కనుంటే కాస్త ధైర్యం.

ఎస్తరూ, ఇలా రామ్మా. ఆ కాగితాలు సార్ కి ఇవ్వకు, బల్ల మీద పెట్టు. వెళ్ళి ఆ గీత మళ్ళీ కిందకి దించీ. నీ లెక్క ఒక్క రోజు కూడా తప్పలేదు. రెండో డ్రమ్ములో చెయ్యి పెట్టింది నేనేనమ్మా.