ముందు మంచినీళ్లు, తర్వాతే టేపు

పందొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం ఆగస్టు రెండవ తేదీ ఉదయం, భుజాన తోలు సంచీ, చేతిలో కొలత టేపుతో ఒక యువతి మా కళాశాల భవన నిర్మాణ విభాగంలో సహాయ అధ్యాపకురాలిగా చేరారు. చేరిక పత్రం మీద సంతకం పెట్టకముందే మా పెద్ద గుమాస్తాగారిని గ్లాసుడు మంచినీళ్లు అడిగి తాగి, "మీ ట్యాంకు కడిగి చాలా రోజులైనట్టుందండీ" అన్నారట. గుమాస్తాగారు ఆ మాటకు నొచ్చుకున్నారు గానీ, ఆ వారమే ట్యాంకు కడిగించారు. ఆనాటి ఆ యువతే ఈనాడు సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్న మా విభాగాధిపతి. స్థిరాస్తి నిర్వహణలో స్నాతకోత్తర విద్యకు ఈ ప్రాంగణంలో ప్రాణం పోసిన విదుషీమణి. విద్యార్థులందరి నోటా 'మంచినీళ్ల మేడం'.

ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడగ్గానే నేను ఎగిరి గంతేశాను. వారి పక్క గదిలో కూర్చుని భూచట్టాలు బోధించేవాణ్ణి నేను. రెండు పుటలకు మించవద్దని సంపాదకులు షరతు పెట్టారు. చట్టాలు చెప్పేవాడికి షరతు పెడితే దానిలోని సందులు వెతుకుతాడని పాపం వారికి తోచలేదు! అందరూ తలో ముక్కగా విన్న 'తప్పు ఇంటి' కథను మొదటి నుంచి చివరిదాకా అచ్చులో చెప్పే భాగ్యం ఇన్నాళ్లకు నాకు దక్కింది.

కళాశాలకు రాకమునుపు మేడంగారు ఆస్తుల విలువ కట్టే ఒక సంస్థలో సర్వేయరుగా పనిచేశారు. తొలిసారి ఒంటరిగా వెళ్లిన ఇంట్లో, ఎండకు కళ్లు తిరిగి గుమ్మంలోనే కూలబడితే, ఆ ఇంటి ఇల్లాలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి. వంటింటి పైపును తుప్పు లోలోపల తినేసిందని అక్కడికక్కడే తెలిసిపోయింది. అంతటితో ఆగలేదు. ఇల్లాలు పక్కనే చతికిలబడి, వాన పడితే ఏ గది కారుతుందో, ఏ తలుపు బిగుసుకుంటుందో, ఏ మూల గచ్చు కుంగుతోందో ఏకరువు పెట్టింది. ఆ రోజు నుంచి మేడంగారు ఏ ఇంటి విలువ కట్టబోయినా, ముందు గేటు దగ్గర నిలబడి మంచినీళ్లు అడుగుతారు. ఆ తర్వాతే సంచీలోంచి టేపు తీస్తారు. ఈ పద్ధతిని పాఠ్యప్రణాళికలో చేర్చమని వారు ప్రతిపాదించినప్పుడు పాలకమండలి సభ్యులు ముసిముసి నవ్వులు నవ్వారు. చేర్చనైతే చేర్చారు.

రెండు వేల ఒకటవ సంవత్సరంలో, ఆస్తుల సర్వేయర్లు కాగోరే యువతీయువకుల కోసం స్థిరాస్తి నిర్వహణలో స్నాతకోత్తర కోర్సును మేడంగారు ప్రారంభించారు. మూల్యాంకనం, భూచట్టం, భవనాల లోపనిర్ణయం, అద్దె ఆస్తుల పాలన, నగర ప్రణాళిక, పెట్టుబడి విశ్లేషణ ఒకే గొడుగు కిందికి చేరిన ఆ కోర్సు మాకందరికీ గొప్ప ఉత్సాహాన్నిచ్చింది. బయటివారి మాట మాత్రం వేరుగా ఉండేది. బ్యాంకులో ఉద్యోగం మానేసి వచ్చి చేరిన ఒక అమ్మాయి తండ్రి, కోపంగా మా విభాగానికి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

"బ్రోకరు పనికి పీజీ ఏంటండీ? చక్కటి ఉద్యోగం వదిలేసి వచ్చింది మా పిల్ల. రేపు దీని గతేంటి?" అన్నాడాయన.

మేడంగారు ఆయనను కూర్చోబెట్టి, "మీకు సొంతిల్లు ఉందా అండీ?" అని అడిగారు.

"ఉంది. ఈ మధ్యే కొన్నాం."

"కొనేటప్పుడు గోడలు తట్టి చూశారా?"

"గోడలు తట్టడమేంటి? రంగు బాగుంది, కొన్నాం."

"అందుకేనండీ ఈ చదువు" అన్నారు మేడంగారు.

ఆ పెద్దమనిషి నవ్వలేదు. ఆయన భయంలో న్యాయం ఉంది. కోర్సుకు సర్వేయర్ల మండలి గుర్తింపు ఇంకా రాలేదు. గుర్తింపు లేని పట్టాతో లైసెన్సు రాదు. లైసెన్సు లేనివాడు కట్టిన విలువను ఏ బ్యాంకూ నమ్మదు. మండలి కమిటీ వచ్చి సరేనంటే ఆ పిల్లలు సర్వేయర్లు. కాదంటే ఉన్న ఉద్యోగాలు వదులుకుని రెండేళ్లు వృథా చేసుకున్నవాళ్లు. మేడంగారు ఈ సంగతి వాళ్లకు చేరిన రోజునే దాచకుండా చెప్పారు. అయినా ఒక్కరూ వెనక్కి వెళ్లలేదు.

కమిటీ వచ్చింది. తరగతులు చూసింది, గ్రంథాలయం చూసింది, చివరికి ప్రయోగ పరీక్ష పెట్టింది. ఊళ్లో ఒక జంట ఇల్లు ఉంది: నట్టనడుమ ఒకే ఉమ్మడి గోడ, పక్కపక్కనే రెండు గేట్లు, ఆ గేట్ల నడుమ ఒకే స్తంభం, దాని మీదే రెండు ఇళ్ల నంబర్లూ. కుడివైపు ఇల్లు ఖాళీ. అప్పుడే రంగు వేసి ఉంది. ఆ ఖాళీ ఇంటికే విద్యార్థులు విలువ కట్టాలి. కమిటీ అధ్యక్షులు ముందురోజే స్వయంగా దాన్ని పరిశీలించి తమ నివేదిక రాసి పెట్టుకున్నారు. దానితో విద్యార్థుల నివేదికను పోల్చి చూసి నిర్ణయం ప్రకటిస్తామన్నారు. కమిటీ వారూ, మేడంగారూ, నేనూ ఆ ఇంటి వెనక గదిలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

పిల్లలు రారు. ఎంతకీ రారు! అధ్యక్షులు గడియారం చూసుకున్నారు, దగ్గారు, మళ్లీ చూసుకున్నారు. ఇంతలో ఉమ్మడి గోడ అవతల టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. పక్కింట్లో వడ్రంగి పని జరుగుతోంది కాబోలనుకున్నాను నేను. మేడంగారు లేచి వెళ్లి గోడకు చెవి ఆనించారు. వారి ముఖంలో రంగు మారిపోయింది.

"వడ్రంగి కాదండీ. వాళ్లు మన పిల్లలే. పూత తట్టి చూడటం నేను నేర్పినట్టే తడుతున్నారు" అన్నారు.

జరిగింది తర్వాత తెలిసింది. పిల్లలు నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ఆ స్తంభం దగ్గర నిలబడి, "అమ్మా, కాస్త మంచినీళ్లిస్తారా?" అని కేకేశారు. ఖాళీ ఇంట్లోంచి పలికేవాళ్లెవరు? ఎడమవైపు ఇంట్లోంచి, బట్టలు కుట్టుకునే ఒక పెద్దావిడ చెంబుతో వచ్చి, "అయ్యో, ఎండలో నిలబడ్డారేంటర్రా, లోపలికి రండి" అని ఆప్యాయంగా తీసుకువెళ్లింది. పరీక్ష ఇల్లు అదే అనుకుని టేపులు తీసి పనిలో పడ్డారు. ఆవిడ కుట్టుమిషను కూడా పక్కకు జరిపి ఇచ్చిందట!

"అంటే ఇల్లే తప్పారన్నమాట" అన్నారు అధ్యక్షులు, కలం మూత పెట్టేస్తూ.

"తప్పారండీ. తప్పు మా పద్ధతిలోనే ఉంది, ఒప్పుకుంటాను" అన్నారు మేడంగారు. "కానీ ఒక్క క్షణం వినండి."

అవతలి చప్పుడు గోడ వెంట జరుగుతూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడే మళ్లీ మళ్లీ తడుతున్నారు. మేడంగారు సరిగ్గా అదే చోట ఇవతల నుంచి వేలి కణుపుతో తట్టారు. గోడ డొల్లగా పలికింది. కొత్త రంగుతో మిలమిల మెరిసిపోతున్న గోడ! అవతల తట్టడం ఆగింది. తర్వాత అవతలివాళ్లు కూడా తట్టారు, ఇంకా గట్టిగా. ఆ క్షణంలో నాకు ఒళ్లు పులకరించింది. రాస్తుంటే ఇప్పుడూ పులకరిస్తోంది.

మా మనిషి వెళ్లి పిలుచుకురాగా పిల్లలు వచ్చారు. బ్యాంకు ఉద్యోగం వదిలిన ఆ అమ్మాయే ముందుకొచ్చి, తాము తప్పిన ఇల్లు ఇదేనని ఇంకా తెలియక, గడగడా చెప్పేసింది.

"సార్, ఇల్లు బాగానే ఉంది గానీ ఉమ్మడి గోడ మొత్తం చెమ్మ. అటువైపు ఖాళీ ఇంట్లో గోడ లోపలి పైపు కారుతోంది. మిషను పెట్టిన గోడ కదా, పోయినేడు నుంచీ బట్టలకి మరకలు పడుతున్నాయని ఆంటీ చెప్పారు. ఆ ఖాళీ ఇంటికి విలువ కట్టేవాళ్లెవరో గానీ సార్, రంగు చూసి మోసపోతే మాత్రం కష్టం."

అధ్యక్షులు తాళంచెవి తీసి, మేడంగారు తట్టినచోట మెల్లగా గీరారు. రంగు పొరగా ఊడి, లోపల తడి పూత బయటపడింది. ముందురోజు వారు రాసిన నివేదికలో ఆ గోడ నిక్షేపంగా ఉందని ఉంది. వారు దొడ్డ మనిషి. కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వి, "నేను మంచినీళ్లు అడగలేదమ్మా" అన్నారు.

గుర్తింపు వచ్చింది! కోపంగా వచ్చిన ఆ తండ్రి మళ్లీ వచ్చాడు, ఈసారి తమ ఇంటి గోడలు తట్టి చూడమని మేడంగారిని పిలవడానికి. కమిటీ పెట్టిన షరతు ఒక్కటే: మంచినీళ్లు అడిగే ముందు విద్యార్థి ఇంటి నంబరు చూసుకోవాలి. ఈనాటికీ మా ప్రయోగ పరీక్షలో తొలి ప్రశ్న అదే. ఆ రోజు తర్వాత మేడంగారి దగ్గర చదివి నంబరు చూడకుండా గేటు దాటిన సర్వేయరు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

అటు తర్వాత వారు విభాగాధిపతి అయ్యారు, ఉద్యోగస్థుల కోసం సాయంకాలపు తరగతులు తెరిచారు, లేజరు కొలత యంత్రాలు తెప్పించారు. ఆ యంత్రాన్ని వారు ఎంత మెచ్చుకున్నా, టేపు మాత్రం సంచీ దిగలేదు. పలు బ్యాంకుల్లో, నగరపాలక కార్యాలయాల్లో, విలువ నిర్ధారణ సంస్థల్లో నేడు ఉన్నత స్థానాల్లో ఉన్న వారి శిష్యులను ఇక్కడ పేర్కొనబోతే సంపాదకులు నన్ను నిజంగానే బయటకు గెంటుతారు. ఆనాటి ఆ బ్యాంకు అమ్మాయి ఇప్పుడు అదే సర్వేయర్ల మండలిలో సభ్యురాలన్న ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను.

ఇన్ని ఇళ్ల మంచిచెడ్డలు తేల్చిన మేడంగారు మాత్రం ఇన్నేళ్లూ అద్దె ఇంట్లోనే కాపురం చేశారు. చూసిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక లోపం కనిపించేది. వారి భర్త దంతవైద్యులు. "నేను పళ్లలో పుచ్చు చూస్తాను, మా ఆవిడ గోడల్లో చూస్తుంది. నేనైతే పూడ్చి పంపిస్తాను, ఈవిడ వద్దనేసి వచ్చేస్తుంది" అని వారు వాపోతుంటారు. వారి అమ్మాయి చిన్నప్పుడు బొమ్మరిల్లు కొనిపెట్టమంటే, మేడంగారు దుకాణంలోనే దాని పైకప్పు ఒత్తి చూశారట.

అందుకే పోయిన నెల వారు ఇల్లు కొన్నారన్న వార్త వినగానే మా విభాగం విభాగమంతా ఉలిక్కిపడింది. ఏ ఇల్లు అనుకున్నారు? ఆ తప్పు ఇల్లే! బట్టలు కుట్టే ఆ పెద్దావిడ చెల్లెలితో కలిసి ఉండటానికి వెళుతూ, మేడంగారికి ఫోను చేసిందట. "మీ పిల్లలు అప్పుడే అంతా చూసిపెట్టారు కదమ్మా, ఇంకెవరికి అమ్మను?" అందట. గోడ చెమ్మ ఆ ఏడాదే బాగుచేయించారు గానీ, దాని మచ్చ ఇంకా ఉంది. దానిమీద రంగు వేయిద్దామని డాక్టరుగారు అంటే మేడంగారు ససేమిరా ఒప్పుకోలేదు.

"ఇన్ని ఇళ్లు కాదని దీన్ని ఎలా కొన్నారండీ?" అని ఆగలేక అడిగాను.

"దీని లోపం నాకు ముందే తెలుసు కదండీ. పైగా నా పిల్లలు సర్వే చేసిన ఇల్లు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు వారి కళ్లు చెమర్చాయి. నావి కూడా.

మాన్యురాలైన మేడంగారూ, ఆయురారోగ్యాలతో, డాక్టరుగారితో కలిసి, ఆ ఇంట్లో మీరు నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని మా విభాగం, మీ పూర్వ విద్యార్థులు, ట్యాంకు కడిగించిన మా పెద్ద గుమాస్తాగారి తరఫున వారి కుటుంబం, మనసారా కోరుకుంటున్నాం. వచ్చే ఆదివారం మీ గేటు ముందు పెద్ద గుంపు నిలబడి మంచినీళ్లు అడుగుతుంది. కంగారు పడకండి, అది మేమే. స్తంభం మీద నంబరు చూసుకుని, ఈసారి తెలిసే ఆ తప్పు ఇంటికి వస్తున్నాం.