మంచం కింద నక్షత్రం

హలో… ఆ, నేనేరా తమ్మీ, అక్షరను. హన్మకొండల, కాలేజ్‌లనే ఉన్న… బాపును ఇయ్యాల డయాలసిస్‌కు తీస్కరాలేదట? దవాఖాన నుంచి ఫోనొచ్చింది.

…జ్వరమా? నిన్న మాట్లాడితే మంచిగనే ఉండె గదా.

…మరి సోమవారం? అప్పుడు గూడ జ్వరమేనా? భానూ, అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు మాట మింగుతవ్. చిన్నప్పటి సంది చూస్తాన్న. ఏం దాస్తానవ్?

…ఎవరు? ఏ సారు? …డాక్టరు గాదా?

…ఆగు, ఆగు. డబ్బా ఏంది?

…న్యూట్రాన్ నక్షత్రం ముక్క… మనింట్ల… బాపు మంచం కింద.

…నవ్వుతలేను. నాకు నవ్వొస్తలేదు. ఆ డబ్బా మీద నీళ్లు పెట్టి, అవి తాగితే కిడ్నీలు మంచిగైతయన్నడా? …ఎన్ని తాగుతాండు? …బిందెడా? గ్లాసుతోని కొలిచి ఇయ్యమన్నడు గదరా డాక్టరు, తాగినవన్ని ఒంట్లనే ఆగుతయని.

…పైసల సంగతి తర్వాత. కాళ్లు వాసినయా? …ఆయాసం గూడనా?

సరే, డబ్బా తెరిచి చూసిన్రా? …తెరిస్తే శక్తి పోతదా. మంచిగ చెప్పిండు. …ఇద్దరు పట్టి ఎత్తితే లేచిందా? అదే చెప్తాన్న తమ్మీ. అసలుదైతే చెంచాడు కొండంత బరువుంటది. మంచం కింద ఆగుతదా? బండలు పలగ్గొట్టుకొని భూమిలకు దిగిపోదా?

…ఏంది? ఆ సారు గూడ గట్లనే చెప్పిండా, చెంచాడు కొండంత అని? …వీడియో చూపిచ్చిండా. ఎవరిది?

…నాదా?

…సైన్స్ డే నాడు పిల్లలకు చెప్పిందా. పచ్చ చీర… ఆ. నేనే.

…బాపు అది చూసే ఒప్పుకున్నడా. "నా బిడ్డ చెప్తే తప్పుంటదా" అన్నడా.

…జర ఫోన్ బాపుకియ్యి. …ఇయ్యి తమ్మీ.

బాపూ… ఆ, తిన్న. …బాపూ, ఆ మాటలు నావే. కని నీకు సగమే చూపిచ్చిండు. ఆ నక్షత్రం బరువే దాన్ని అంత గట్టిగ నొక్కిపట్టి ఉంచుతది. బయటికి తీస్తే ఆగది, పేలుతది. ముక్క తెచ్చుడు ఎవ్వరితోని గాదు. ఇది గూడ ఆ రోజే చెప్పిన. వాడు కోసేసిండు.

…ఎవరు చెప్పిస్తాన్రు ఇట్ల? …దవాఖానోళ్లా? నాతోనా?

…లేదు బాపూ. సూదులు నొప్పి పెడ్తయని నాకెరుక. …ఏడుస్తలేను.

…ఆ రోజు నవ్వుకుంట చెప్పిన, నిజమే. ఇయ్యాల గొంతు వణుకుతాంది. గంతమాత్రానికి ఇది అబద్ధమైతదా?

…వీడియోల బిడ్డను నమ్ముతవ్ గని, నన్ను నమ్మవా?

…బాపూ? …హలో?

…ఆ, తమ్మీ. ఫోన్ నీకిచ్చి ఏం చేస్తాండు?

…నీళ్లు తాగుతాండా.

గుంజుకో ఆ గ్లాసు. తిట్టినా సరే, గుంజుకో. నేను కాజీపేట పోయి, ఏ బండి దొరికితే అది ఎక్కి ఘన్‌పూర్ వస్తాన్న. …గుంజుకున్నవా? భానూ?

…హలో?