మా డబ్బాల స్టాలు తేలిపోయిన రోజు

టీ కొట్టు పిన్ని పెద్ద గిన్నెలో పాలు పొయ్యి మీద పెట్టిందంటే బావగారు వచ్చేశాడని అర్థం. ఆయన అక్కడెవరికీ బావ కాదు. అయినా అందరికీ బావగారే. ఆయన కూర్చుంటే ఇంకెవరూ లేవరు, టీలు బాగా తెగుతాయి. అందుకని పిన్నికి ఆయనంటే అభిమానం.

ఆ రోజు బల్ల మీద టైలరు ఉన్నాడు. ఆ చివర, సభలకీ ఫంక్షన్లకీ టేబుళ్లూ కుర్చీలూ అద్దెకిచ్చే కుర్చీలాయన అప్పుడే వచ్చి గ్లాసు అందుకున్నాడు. టైలరు మాటవరసకి అడిగాడు.

"మీ ఆవిడ డబ్బాల వ్యాపారం ఎలా ఉంది బావగారూ?"

అడక్కుండా ఉండాల్సింది.

"ఎలా ఉండటమేంటయ్యా! నువ్వు సర్దుకుని కూర్చో ముందు. పిన్నీ, టీ కాస్త చిక్కగా పొయ్యి, పలచటి టీతో వినే కథ కాదిది. మొదట్లో అంతా మామూలే. మా ఆవిడ ఆ డబ్బాల కంపెనీలో చేరింది. అవి కొట్లో దొరకవు, మనమే పట్టుకెళ్లి చూపించి అమ్మాలి. మూత పెడితే గాలి కూడా దూరదు, అదీ వాటి గొప్ప. చుట్టాలు కొన్నారు. పక్కింటివాళ్లు కొన్నారు. మా వదిన ఒకటికి రెండుసార్లు కొంది. మళ్లీ వెళ్తే తలుపు వెనకాల నిలబడి 'ఇంట్లో ఎవరూ లేరు' అంది. తన గొంతుతోనే!"

"పాపం, ఆవిడ మాత్రం ఎన్నని కొంటుంది!" అంది పిన్ని.

"అదే కదా! ఇంట్లో చూస్తే మంచం కింద డబ్బాలు, మంచం మీద డబ్బాలు. మా అమ్మాయి హోంవర్కు వంటింటి గడప మీద కూర్చుని రాసుకుంటోంది. ఒకరోజు మా ఆవిడ నా ముందుకొచ్చి, 'ఏమండీ, ఇంక అడగని చుట్టం లేడు. నలుగురూ చేరే చోటేదైనా చూసి మనకో టేబులు వేయించండి. లేదంటే ఇవన్నీ వెనక్కి పంపేసి మానుకుంటా' అంది. ఆ గొంతు వింటే నాకు ఎక్కడో కలుక్కుమంది. అప్పుడు బుర్రకి పదును పెట్టాను. ఊళ్లో ఎక్కడ ఏం జరగబోతోందో అందరికంటే ముందు ఎవరికి తెలుస్తుంది? చెప్పు చూద్దాం."

"పోలీసులకి?" అన్నాడు టైలరు.

"బ్యానర్లు అచ్చేసేవాడికి! వెళ్లి వాడి కొట్లో కూర్చున్నా. మిషన్లోంచి బ్యానరు తలకిందులుగా బయటికొస్తుందా, ఇటు అక్షరాలు వస్తుంటే అటు నేను ఫోను చేసి టేబులు చెప్పేయడమే! మొట్టమొదట రక్తదాన శిబిరం. రక్తం ఇచ్చి లేచినవాళ్లకి కాస్త కళ్లు తిరుగుతుంటాయి కదా, సరిగ్గా ఎదురుగా మా టేబులు. ఒక డబ్బా చూపిస్తే వాళ్లకి రెండు కనిపించాయి. రెండూ ఇచ్చెయ్యమన్నారు!"

టైలరు నవ్వాడు. అంతదాకా ఎవరికీ పెద్ద అభ్యంతరం లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పరుగు పందెం. నేనేమన్నా తక్కువ తిన్నానా, ఆఖరి గీత పక్కనే టేబులు వేయించా. ముందొస్తున్నవాడు గీత దాటబోతూ మా డబ్బాలు చూశాడు. ఆగిపోయాడు. బేరం మొదలుపెట్టాడు. వెనకాలవాళ్లూ వచ్చి వాడి వెనకే వరసలో నిలబడ్డారు. గీత దాటినవాడు ఒక్కడు లేడు! నిర్వాహకులు చూసి చూసి, చివరికి కప్పు మా ఆవిడ చేతిలో పెట్టారు."

"ఆ కప్పు మేమెప్పుడూ చూళ్లేదే?"

"డబ్బాలో పెట్టాం. మూత రావట్లేదు."

పిన్ని వడకట్టడం ఆపేసి వింటోంది. కుర్చీలాయన మాత్రం టీ ఊదుకుంటూ తాగుతున్నాడు.

"అంతే, పేరు మోగిపోయింది. ఇదివరకు నేను సంతల కోసం తిరిగేవాణ్ని. ఇప్పుడు సంతలవాళ్లు నా చుట్టూ! స్కూలు వార్షికోత్సవమా, బావగారికి వీలవుతుందో లేదో కనుక్కోండి. కుక్కపిల్లల పోటీయా, బావగారు రానిదే కుక్కలు మొరగవు. బ్యానరువాడు తేదీ చోటు ఖాళీగా వదిలేసి నన్నడిగాకే నింపేవాడు. అలాంటి రోజుల్లో వచ్చిందయ్యా అసలు సంత, ఏటి పక్క పెద్ద గ్రౌండులో. చెవిపోగులావిడ, కొవ్వొత్తులమ్మాయి, బొమ్మలాయన, మసాజు కుర్చీ ఆయన, అందరూ స్టాళ్లు వేశారు. నట్టనడిమధ్యన మాది. ఇసకేస్తే రాలనంత జనం. మా ఆవిడ ఇటు చూపిస్తుంటే నేను అటు సంచుల్లో పెడుతున్నా. సరిగ్గా అప్పుడు పట్టింది మబ్బు!"

"వానా?" అంది పిన్ని.

"వానంటే వానా పిన్నీ! చినుకు తగిలి గొడుగులు చిరిగిపోయాయి. ఏరు పొంగింది. మోకాళ్ల దాకా, నడుం దాకా, పీకల దాకా! అందరూ గోలుగోలున ఏడుస్తున్నారు. నేను చేతులు ముడుచుకుని కూర్చుంటానా? గాలి దూరని డబ్బా నీళ్లలో మునుగుతుందా? టపటపా మూతలేసి టేబులు కిందంతా డబ్బాలు కట్టేశా. మా స్టాలు లేచి తేలింది! చెవిపోగులావిడ 'అన్నయ్యా!' అంది. రా చెల్లెమ్మా అన్నా. బొమ్మలాయన బొమ్మలతో సహా ఎక్కాడు. ఎక్కినవాళ్లకల్లా కింద డబ్బాలు కడుతూ పోయా. చూస్తుండగానే సంత మొత్తం ఏట్లో తేలుతూ కదిలిపోయింది!"

"మరి కొనేవాళ్లు?"

"ఈదుకుంటూ వచ్చారు! ఒకాయన మునిగిపోతున్నాడయ్యా, చెయ్యి అందించా. పట్టుకోడే! ధర తగ్గిస్తేనే పైకొస్తానని భీష్మించుకుని కూర్చున్నాడు."

"నీళ్లలో కూర్చున్నాడా?" అన్నాడు టైలరు.

"నువ్వు మధ్యలో అడ్డుపడకు. అప్పుడు చూడు, ఆకాశంలోంచి ఇంత పిడుగు, సూటిగా మా ఆవిడ మీదికే! నేను అన్నిటికంటే పెద్ద డబ్బా తీసి ఎదురు పెట్టా. అది లోపల పడింది. టప్పున మూతేశా. అప్పట్నుంచీ మా ఇంట్లో కరెంటు పోయిందంటే ఒట్టు. పోయినా భయం లేదు, ఆ మూత కొంచెం వదులు చేస్తే చాలు, ఇల్లంతా వెలుగే."

"ఇందాక మూత రాదన్నారుగా?"

"అది కప్పు డబ్బా. ఇది పిడుగు డబ్బా. రెండూ ఒకటేనా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏట్లోంచి సముద్రంలోకి వెళ్లిపోయాం. ఓడలు ఆగి కొనుక్కున్నాయి. ఎవరిదో దేశం వచ్చింది. అక్కడి పెద్దాఫీసరు పడవలో వచ్చి, 'ఇందులో ఏముంది, తెరువు' అన్నాడు. మీరే తెరుచుకోండన్నా. లాగాడు. రాలేదు. వాడి కిందివాళ్లు లాగారు. సైన్యం వచ్చి తాళ్లు కట్టి లాగింది. చివరికి రాజే దిగొచ్చి చెమటలు తుడుచుకుంటూ, 'ఇంత గట్టి సరుకు మా రాజ్యంలో లేదు, మీ స్టాలు ఇక్కడే ఉంచెయ్యండి, కోటలో సగం ఇస్తా' అన్నాడు. కుదరదన్నాను. సోమవారం అమ్మాయికి స్కూలుంది."

"నిజమే, పిల్ల చదువు పాడవదూ!" అంది పిన్ని. "మరి తిరిగెలా వచ్చారు?"

"అన్ని డబ్బాల మూతలూ ఒక్కసారే ఎత్తించా. లోపల బిగపట్టుకున్న గాలి బుస్సుమంది చూడు, సంత సంతంతా గాల్లోకి లేచింది! మబ్బుల పైనుంచి కిందికి చూస్తే అరచేతిలో గీతల్లా అన్నీ కనిపించాయి. ఎక్కడ ప్రదర్శన, ఎక్కడ మేళా, ఎక్కడ స్కూలు ఫంక్షను! ఆఖరికి వచ్చే ఏడాది జరగబోయేవి కూడా కనిపించాయయ్యా!"

టైలరు నోరెళ్లబెట్టాడు. కుర్చీలాయన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"బావగారూ, ఏటి పక్క గ్రౌండంటే నీళ్ల ట్యాంకు ఉంది, అదేనా?"

"అదే! మీకూ తెలుసే!"

"ఆ సంతకి కుర్చీలు నావేనండి. సంత జరిగింది శనివారం. మీరొచ్చింది ఆదివారం."

పొయ్యి మీద పాలు పొంగాయి. పిన్ని గబుక్కున దించింది.

"నేను లారీ మీద కుర్చీలు పేర్చుకుంటున్నా, మీరు నన్ను చూసుండరు," అన్నాడు కుర్చీలాయన, ఏ వెటకారమూ లేకుండా. "చినుకు లేదు, ఎండ మాడ్చేస్తోంది. అంత గ్రౌండులో మీరిద్దరూ, పాప, డబ్బాల పెట్టెలు. తేదీ ఎవరు మార్చారో కనుక్కుంటానని మీరు విసురుగా వెళ్లిపోయారు. ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నా. లేదు, పెట్టె మీద కూర్చుని కాసేపు ఆ ఖాళీ గ్రౌండు చూసి నవ్వింది. తర్వాత నా దగ్గరికొచ్చి, 'అన్నయ్యగారూ, మీ కుర్చీలు ఎక్కడెక్కడికి వెళ్తాయో ముందే తెలుస్తుంది కదా, నాకూ చెప్తారా?' అంది. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. అప్పట్నుంచీ వారం వారం ఫోను చేస్తుంది. కనుక్కుని, వాళ్లతో తనే మాట్లాడుకుంటుంది."

బావగారు గ్లాసులోకి చూశాడు. అందులో ఏమీ లేదు.

"ఇవాళ క్లబ్బులో మేళాకి స్టాలు పెట్టింది కదా. ఇప్పుడే అటునుంచి వస్తున్నా. బాగా పోతున్నాయండి, జనం వదలట్లేదు. పాప మూతలు తీసి చూపిస్తోంది. ఆవిడకి మంచినీళ్లు తాగడానికి కూడా లేవడం కుదరట్లేదు. 'ఐదు నిమిషాల్లో వస్తానని టీకి వెళ్లారు, కనిపిస్తే కాస్త పంపించండి' అంది."

"మరి వచ్చినప్పుడే చెప్పొచ్చుగా?" అంది పిన్ని.

"టీ అందుకుని చెబుదామనే అనుకున్నా. ఈలోపే కథ మొదలెట్టి ఏట్లోకి దిగిపోయారు. మధ్యలో ఆపితే అంతమందిని నీళ్లలో వదిలేసినట్టు ఉంటుందని..."

బావగారు లేచాడు. చొక్కా దులుపుకున్నాడు. పిన్ని దగ్గర మంచినీళ్ల సీసా ఒకటి అడిగి తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. వడివడిగా రోడ్డెక్కాడు.

"బావగారూ!" టైలరు కేకేశాడు. "క్లబ్బు అటు కాదు, ఇటు!"

బావగారు ఆగాడు. వెనక్కి తిరిగాడు. తల ఏమాత్రం వంచకుండా వాళ్ల ముందునుంచే రెండోవైపుకి నడుస్తూ అన్నాడు:

"నాకు తెలీదేంటయ్యా? క్యూ చివర ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని వెళ్లా!"